ఈశాన్యం గదిలో రేడియేటరు

మొన్న శనివారం పొద్దున నేను వంటింట్లో కాఫీ కలుపుకుంటుంటే, మా వీధిలోనే మూడిళ్ల అవతల ఉండే స్నేహితుడు ఫోన్ చేశాడు. "నాన్నగారు పోయారండీ" అన్నాడు. ఇండియాలో, మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీశారట. టీ ఇద్దామని లేపితే లేవలేదట. "అయ్యో, టీ చల్లారిపోయి ఉంటుంది" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అతను మాత్రం ఫోన్లో నవ్వాడు, ఆ నవ్వులోంచే ఏడ్చాడు. టీ చల్లారితే ఆయనకి ఎంత కోపమో మా ఇద్దరికీ తెలుసు మరి.

ఆయన నాకు చుట్టం కాదు. నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ అనేవారు, మరీ ముద్దొస్తే తల్లీ అనేవారు. గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ ఫిట్టరుగా ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యారు. కొడుకు దగ్గర ఆరు నెలలుందామని మొదటిసారి అమెరికాలో ఈ అరోరాకి వచ్చేసరికి మేం ఇక్కడ ఇల్లు కొని ఏడాదైంది. మా ఇంట్లో ఈ రోజుకీ ఏ గదికి ఎంత వెచ్చదనం కావాలో అంతే ఉంటోందంటే ఆయన చలవే. చలికాలం గురించి రాస్తూ చలవ అంటున్నాను చూడండి, ఆయన వింటే పకపకా నవ్వేవారు.

ఇల్లు సంగతి చెప్పాలి. అందరూ ఊరి చివర కొత్త ఇళ్లు కొంటుంటే మేం పాత అరోరాలో, మా అమ్మమ్మ కంటే వయసులో పెద్దదైన ఇటుకల ఇల్లు కొన్నాం. కారణం నేనే. ఇల్లు చూడ్డానికి వెళ్లిన ప్రతిచోటా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి దిక్సూచి తీసేదాన్ని. ఇళ్లు చూపించే ఆ రియల్టర్ పాపం, నేను అడవిలో తప్పిపోతానని భయపడుతున్నాననుకుంది. ఈ ఇంటికి మేడ మీద సరిగ్గా ఈశాన్యం మూలన ఒక బుల్లి గది ఉంది. కిటికీ కింద చెక్కతో కట్టిన అరుగు ఉంది, కూర్చోడానికి. ఆ అరుగు చూడగానే దాని మీద దేవుళ్లు కనిపించారు నాకు. మా ఆయన వరంగల్ మనిషి. "దేవుని గది దొరికింది గద, ఇగ బెడ్‌రూమ్‌లు ఉన్నయో లేవో గూడ చూద్దామా?" అన్నాడు.

ఆ అరుగు లోపల ఒక రేడియేటరు ఉందని చలికాలం వచ్చాకగానీ తెలియలేదు. అంటే, ఇనప గొట్టాలు దగ్గరదగ్గరగా నిలబెట్టినట్టు ఉండే పాతకాలం సామాను. కింద బేస్‌మెంట్‌లో బాయిలరు నీళ్లు కాస్తుంది, ఆ వేడినీళ్లు గొట్టాల్లో ఇల్లంతా తిరిగి ప్రతి గదిలో ఉన్న రేడియేటర్‌ని వేడి చేస్తాయి. చెప్పుకోడానికి బాగుంది. కానీ థర్మోస్టాట్ ఒక్కటే, అదీ కింద హాల్లో. హాలు ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో డెబ్బై డిగ్రీలకి వచ్చి బాయిలరు ఆగేసరికి మా పడగ్గదిలో రాజమండ్రి మే నెల, ఈశాన్యం గదిలో హిమాలయాలు. ఆ గదికి మూడు వైపులా బయటి గోడలే. పడగ్గదిలో కిటికీ తెరుచుకుని, పూజకి మాత్రం స్వెటరు వేసుకుని వెళ్లేదాన్ని.

మొదటి చలికాలం అలా నవ్వుకుంటూ గడిపేశాం. రెండో ఏడు నాకు నెల తప్పింది. డిసెంబరు చివర్లో కాన్పు. పడగ్గదిని ఆనుకుని ఉన్నది ఆ ఈశాన్యం గదే. పిల్లకి అదే గది, దేవుళ్లూ పిల్లా కలిసి ఉంటారు అనుకున్నాం. డాక్టరమ్మ మాత్రం ఖచ్చితంగా చెప్పింది, పసిపిల్ల పడుకునే గది వేడెక్కకూడదు, చల్లబడకూడదు అని. చూడ్డానికి వచ్చిన కాంట్రాక్టరేమో ఈ గొట్టాలన్నీ పీకి, గోడలు పగలగొట్టి కొత్తవి పెట్టాలన్నాడు. కడుపుతో ఉన్నదాన్ని, సిమెంటు దుమ్ములో కూర్చోనా? డిసెంబరు లోపల ఆ గది ఎలా బాగుపడుతుందా అన్నదే నా దిగులు.

సెప్టెంబరులో సత్యనారాయణ వ్రతం చేసుకుని నలుగురిని భోజనానికి పిలిచాం. స్నేహితుడి వెంట బాబాయిగారు వచ్చారు. ఇంట్లోనే మంకీ క్యాప్ పెట్టుకుని ఉన్నారు. అందరూ విస్తళ్ల ముందు కూర్చుంటే ఆయన హాల్లో రేడియేటరు ముందు వంగుని, చేతి వెనక భాగం దానికి ఆనించి చూస్తున్నారు.

"అమ్మాయ్, దీన్ని ఎవరు పెట్టించారు?"

"తెలీదండీ. ఇంటితో పాటు వచ్చింది."

"దీనికి ఆవిరా, నీళ్లా?"

"నీళ్లండీ. బేస్‌మెంట్‌లో బాయిలరు..."

ఆ మాట పూర్తి కానివ్వలేదు. బాయిలరు అనగానే మెట్లు దిగి వెళ్లిపోయారు. పాయసం చల్లారింది, ఆయన రాలేదు. మా ఆయన వెళ్లి చూస్తే బకెట్ బోర్లించుకుని బాయిలరు ఎదురుగా కూర్చుని ఉన్నారట, చాలా రోజుల తర్వాత చిన్ననాటి నేస్తం కనబడినట్టు. "మా ఫ్యాక్టరీ దాని ముందు ఇది పసిపాప" అన్నారట. ఆయన వచ్చి అప్పటికి రెండు నెలలైంది. కొడుకు ఇల్లు మా వీధిలోదే అయినా పాతది పడగొట్టి కొత్తగా కట్టింది, అందులో అన్నీ గోడల్లోనే. "అక్కడ గోడల్లో ఏముందో ఎవడికీ తెలీదు తల్లీ. స్విచ్చి నొక్కుతారు, దణ్ణం పెట్టుకుంటారు. నా చేతులకి పనిలేక తిమ్మిరెక్కిపోయాయనుకో" అని తర్వాత నాతో అన్నారు.

గది సంగతి చెప్పాను. మేడెక్కి చూశారు. అరుగు ముందు పలక తీసి లోపలికి తొంగి చూసి, "ఏవండోయ్, మిమ్మల్ని ఎవరండీ ఇక్కడ దాచింది?" అని రేడియేటర్‌ని పలకరించారు. లేచి నా కడుపు వంక చూసి, "పిల్ల వచ్చేలోపు ఈ గది చేత మాట వినిపిస్తాను. నాదీ పూచీ" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. సొంత ఇల్లు కాబట్టి ఇలాంటి పని మనమే చేసుకోవచ్చని మా ఆయన ఊరి మునిసిపల్ ఆఫీసులో కనుక్కొచ్చాడు.

ఇక్కడొక విషయం చెప్పాలి. బాబాయిగారికి బాయిలర్లు తెలుసు, గొట్టాలు తెలుసు, వాల్వులు కొట్టిన పిండి. కానీ ఇంటిని వేడి చెయ్యడం ఆయన జన్మలో ఎరగరు. "మా ఊళ్లో గది చల్లబరుచుకోలేక చచ్చేవాళ్లం. దాన్ని వేడి చెయ్యడమేంటమ్మా, నాకు తెలీక అడుగుతానూ?" అనేవారు. ఊళ్లో ఒక పాత హార్డ్‌వేర్ కొట్టు ఉంది. దాని యజమాని తెల్ల మీసాల ముసలాయన. నేను మాటలకి సాయంగా వెళ్లాను గానీ వాళ్లకి నా అవసరమే పడలేదు. ఈయన "హాఫ్" అంటే ఆయన ఒకటి తీస్తాడు, "త్రీ క్వార్టర్" అంటే ఇంకొకటి తీస్తాడు. ఇద్దరూ ముక్క మీద వేలు తిప్పి చూసుకుని తలలు ఊపుకుంటారు. "మన గొట్టాల మరచుట్టుకీ వీళ్ల మరచుట్టుకీ చిన్న తేడా ఉందమ్మా. అన్నదమ్ముల్లా కనిపిస్తాయిగానీ ఒకదాంట్లో ఒకటి ఇమడవు" అని నాకు చెప్పారు.

ఆ కొట్టాయనే థర్మోస్టాటిక్ వాల్వు చూపించాడు. రేడియేటర్లోకి నీళ్లొచ్చే చోట దాన్ని బిగిస్తారు. దాని తలకాయలో మైనం లాంటిదేదో ఉంటుంది. చుట్టూ గాలి వేడెక్కితే అది ఉబ్బి నీళ్ల దారి మూసేస్తుంది, గాలి చల్లబడితే ముడుచుకుని దారి వదులుతుంది. మనిషితో పని లేదు, కరెంటుతో పని లేదు. బాబాయిగారు దాన్ని ఇంటికి తెచ్చి ఒకరోజంతా దానితోనే ఆడుకున్నారు. గోరువెచ్చటి నీళ్లలో పెట్టారు, ఫ్రిజ్‌లో పెట్టారు, మళ్లీ తీసి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఏ సామానైనా ఆయన నోట 'వాడు', 'వీడు'. "వీడు బుద్ధిమంతుడమ్మా. వీడికి చెప్పక్కర్లేదు, వీడికే తెలుస్తుంది" అన్నారు. ఆ బుద్ధిమంతుడే నెల తర్వాత మా ఇద్దరికీ పోట్లాట పెట్టాడు.

అక్టోబరంతా పొద్దున పదికి వచ్చేవారు, సాయంత్రం నాలుగుకి వెళ్లిపోయేవారు. చీకటి పడేలోపు ఇంటికి రావాలని కొడుకు ఆజ్ఞ. మేం ఆఫీసులకి పోతాం కాబట్టి తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. తలకి తుండు చుట్టుకుని, మోకాళ్ల కింద పాత దిండు వేసుకుని పని. మొదటిరోజు బేస్‌మెంట్‌లో నీళ్లు ఖాళీ చేస్తే నల్లగా, చిక్కటి డికాషన్‌లా వచ్చాయి. "ఎన్నేళ్ల నాటి నీళ్లో పాపం" అని కాళ్లకి తగలకుండా పక్కకి నిలబడ్డారు, ఎవరో పెద్దమనిషి వెళ్తుంటే దారి ఇచ్చినట్టు.

మా రేడియేటర్లలో ఒక్కటైనా తిన్నగా చేతికందే చోట లేదు. మెట్ల కిందది గోడకి అతుక్కుని ఉంది, రెంచి తిప్పడానికి బెత్తెడు జాగా లేదు. బాత్రూమ్‌ది కమోడ్ వెనక. దాని చుట్టూ వంకర తిరిగి పడుకుని, ఒక చెయ్యి ఇటునుంచీ ఒక చెయ్యి అటునుంచీ పెట్టి బిగించారు. మా ఆయన ఫొటో తీయబోతే, "ఒరేయ్ అబ్బాయ్, ఈ ఫొటో ఇండియా వెళ్తే నా పరువేం కావాలి!" అని అక్కణ్నుంచే అరిచారు. ఎంత ఇరుకులోనైనా వాల్వు తలకాయ నిటారుగా కాకుండా పడుకునే ఉండేలా తిప్పేవారు. నిలబెడితే కింద గొట్టం వేడి తగిలి తప్పుడు లెక్క చెబుతుందట. నేను చూస్తూ, "ఇంకొంచెం బిగించరా?" అంటే ఒకసారి చెప్పారు, "బిగించడం ఎవడైనా బిగిస్తాడు అమ్మాయ్. ఎక్కడ ఆపాలో తెలిసినవాడే ఫిట్టరు."

వంటింట్లో ఒక్కచోట మాత్రం సైన్సు ఓడిపోయింది. నేను దోసెల పిండి గిన్నె రేడియేటరు మీద పెట్టేదాన్ని, ఆ వేడికి తెల్లారేసరికి పొంగేది. వాల్వు పెట్టాక వంటింట్లో పొయ్యి వేడికి అది రేడియేటర్‌ని ఆపేసేది. పిండి రాయిలా కూర్చునేది. రెండు రోజులు రొట్టెల్లాంటి దోసెలు తిన్నాక ఆయనే వచ్చి ఆ తలకాయ ఊడదీసి పాత పిడి పెట్టేశారు. "పిండి కోసం ఒకణ్ని ఉద్యోగంలోంచి తీసేశాం" అన్నారు.

నవంబరు మొదటివారంలో ఈశాన్యం గదికి వచ్చారు. అరుగు కింద, పక్క సందులోంచి చెయ్యి పోనిచ్చి, రెండు రోజులు కష్టపడి వాల్వు పెట్టారు. ఆ రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చి గదిలోకి వెళ్తే వెచ్చగా ఉంది. నా ఆనందం గంటసేపే. పడుకోబోయే ముందు మళ్లీ వెళ్తే గది మంచుగడ్డ.

పొద్దున ఫోన్ చేశాను. "బాబాయిగారూ, గది చల్లగానే ఉందండీ."

"అబ్బే, నేను వచ్చేటప్పుడు డెబ్బై ఉంది తల్లీ."

"నేనున్నప్పుడు లేదండీ."

ఆయన వచ్చి వాల్వు విప్పారు, తుడిచారు, మళ్లీ పెట్టారు. పగలంతా ఆయనకి డెబ్బై. పొద్దునా సాయంత్రమూ నాకు యాభై ఎనిమిది. ఇంకో కొత్తది తెచ్చి మార్చారు. అదే వరస. వారం రోజులు ఇదే గోల. ఆయన తన పని తానే మెచ్చుకుంటున్నారని నా అనుమానం. ఆయనకి నా మీద వేరే అనుమానం. మా ఆయన్ని పక్కకి పిలిచి, "అమ్మాయి కిటికీ ఏమన్నా తీస్తోందేమో చూడు బాబూ. ఈ నెలల్లో ఆడవాళ్లకి ఉక్కపోతగా ఉంటుంది" అన్నారట. మా ఆయన కడుపులో మాట దాగదు. వచ్చి నాకు చెప్పాడు.

నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఎనిమిదో నెల, నడుం నొప్పి, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ హడావిడి. శుక్రవారం నేను తొందరగా ఇంటికొచ్చేసరికి ఆయన అరుగు ముందు కూర్చుని ఉన్నారు. "బాబాయిగారూ, నేను కిటికీలు తీస్తున్నానా? ఇది మీ చక్కెర ఫ్యాక్టరీ కాదండీ. చేతకాకపోతే చేతకాలేదని చెప్పండి, నేను ఇంకొకళ్లని చూసుకుంటాను" అన్నాను.

ఆయన రెంచి తుడిచి పేపరు మీద చప్పుడు కాకుండా పెట్టారు. టీ కూడా తాగకుండా మంకీ క్యాప్ పెట్టుకుని వెళ్లిపోయారు. నీళ్లని ఆపే వాల్వులు బోలెడున్నాయి గానీ నా నోటికి ఎవడూ ఒకటి కనిపెట్టలేదు. తండ్రి వయసు మనిషిని అంత మాటన్నానే అని ఏడ్చాను. మా ఆయన పక్కన కూర్చుని, "రేపు పోయి సారీ చెప్దాం తియ్యి" అన్నాడు.

చెప్పడానికి మేం బయల్దేరేలోపే శనివారం తొమ్మిదింటికి తలుపు కొట్టి ఆయనే వచ్చారు. చంకలో ఫ్లాస్కు, జేబులో చిన్న నోటుపుస్తకం, చేతిలో థర్మామీటరు.

"అమ్మాయ్, ఈ రోజు నేను ఏదీ విప్పను. ఆ గదిలో కూర్చుంటానంతే. రాత్రికి గానీ రానని మావాడికి చెప్పొచ్చాను. నువ్వు నీ పనులు చేసుకో, నేను లేననుకో."

"బాబాయిగారూ, నిన్న నేను..."

"తెలీనప్పుడు విప్పకూడదు. కూర్చుని చూడాలి. నేనే మర్చిపోయాను" అని మేడెక్కేశారు.

అరగంటకోసారి పుస్తకంలో రాసుకుంటూ పగలంతా కూర్చున్నారు. భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నారు. నేను వెళ్లినప్పుడల్లా గది వెచ్చగానే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం "చూశావా" అని ఒక్కసారి కూడా అనలేదు.

సాయంత్రం ఆరింటికి దీపం పెట్టడానికి వెళ్లాను. కార్తీక మాసం. రోజూ పొద్దున ఆఫీసుకి వెళ్లేముందు, సాయంత్రం రాగానే, కుందిలో నెయ్యి నిండా పోసి లావు వత్తులు వేసి వెలిగించేదాన్ని. అరుగు పక్కనే, వాల్వు ఉన్న ఆ సందు ఎదుట చిన్న పీట, పీట మీద కుంది. ఆయన కాళ్లు ముడుచుకుని జరిగి నాకు చోటిచ్చారు. నేను శ్లోకాలు చదువుకుంటుంటే చేతులు జోడించి కూర్చున్నారు. పావుగంట గడిచింది. ఆయన చెయ్యి చాచి వెనక భాగం గొట్టానికి ఆనించారు. కాసేపాగి మళ్లీ ఆనించారు. తర్వాత ఆ చెయ్యి తీసుకెళ్లి దీపానికీ వాల్వుకీ మధ్య పెట్టారు. అక్కడ అటూ ఇటూ కలిపి జానెడు దూరం లేదు.

ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టారు. ఆపకుండా నవ్వు, కళ్లలోంచి నీళ్లు.

"ఏమైందండీ?"

"తల్లీ, నువ్వు పూటపూటా వీడికి హారతి ఇస్తున్నావు! దీపం సెగ తగిలి వీడు వేసవికాలం వచ్చేసిందనుకుంటున్నాడు. గది చలికి చస్తుంటే వీడు తలుపులేసుకుని కూర్చున్నాడు!"

నేను పది గంటలకి ఆఫీసులో ఉంటాను, అప్పటికి దీపం కొండెక్కి ఉంటుంది. ఆయన వచ్చినప్పుడల్లా దీపం లేదు, నేను ఉన్నప్పుడల్లా దీపం ఉంది. మేమిద్దరం నిజమే చెప్పుకున్నాం. తమాషా ఏమిటంటే, ఆయన రోజూ పనికి ముందు కుందిని కళ్లకద్దుకుని పక్కన పెట్టి, వెళ్లేటప్పుడు మళ్లీ గీత గీసినట్టు అదే చోట, వాల్వు పక్కనే పెట్టి వెళ్లేవారు. "దేవుడి సామాను చోటు మార్చకూడదని..." అని నెత్తి కొట్టుకున్నారు. నేనూ నేల మీద చతికిలబడి నవ్వాను. నవ్వితే కడుపులో పిల్ల తన్నింది.

మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విని, "దీపం జర అటుపక్కకు పెడ్తె అయిపాయె గద?" అన్నాడు.

"అటుపక్క ఉయ్యాల వస్తుంది. పిల్ల పక్కన దీపం పెడతామా?" అన్నాను.

బాబాయిగారు తల అడ్డంగా ఊపారు. "దీపం ఒక్కటే కాదబ్బాయ్. ఈ అరుగు కింద వీడికి గది గాలే తగలట్లేదు. తన ఒంటి వేడి తనకే తగులుతోంది. ఎప్పటికైనా తప్పే చెబుతాడు. వీడి ముక్కు తీసుకెళ్లి పిల్ల పక్కన పెట్టాలి."

అలాంటిది ఉందో లేదో ఆయనకి తెలియదు. ఉండి తీరాలన్నారు. సోమవారం కొట్టాయన ముందు తన ముక్కు పట్టుకుని, గోడ దాకా నడిచి, అక్కడ పెట్టినట్టు అభినయించారు. తెల్ల మీసాలాయన ఒక క్షణం చూసి, క్యాటలాగ్ తిరగేసి వేలు పెట్టి చూపించాడు. వాల్వు ఒకచోట, గాలిని పసిగట్టే డబ్బీ ఇంకోచోట, మధ్యలో సన్నటి రాగి గొట్టం, తీగంత. తెప్పిస్తే మీ ఇంటికే పోస్టులో వస్తుంది, మూడు వారాలు పడుతుంది అన్నాడు. మూడు వారాలంటే డిసెంబరు వచ్చేస్తుంది. ఆ మూడు వారాలూ బాబాయిగారు రోజూ మా పోస్టు డబ్బా తీసి చూసేవారు. ఆయన్ని చూసి మెయిల్ తెచ్చే అమ్మాయి దూరం నుంచే చేతులు ఊపి లేదని చెప్పేది.

చివరికి వచ్చింది. బిగించడానికి గంట పట్టింది. ఆ డబ్బీ ఎక్కడ పెట్టాలా అన్నదానికి పూట పట్టింది. మా ఆయన చేత ఉయ్యాల బిగింపించి, లోపల తువ్వాలు చుట్టి పిల్లలా పడుకోబెట్టారు. నేల మీద మోకరిల్లి, తల ఆ తువ్వాలు పక్కకి ఆనించి, "గాలి ఇక్కడ కదా పీలుస్తుంది" అని ఆ ఎత్తు చూసుకున్నారు. పెన్సిలుతో గుర్తు పెట్టి, మళ్లీ ఆలోచించి రెండు అడుగులు అవతలికి జరిపారు. ఎందుకని అడిగాను. "రేపు లేచి నిలబడుతుంది కదా, చెయ్యి చాచి పీకుతుంది" అన్నారు. ఇంకా పుట్టని పిల్ల లేచి నిలబడ్డం ఆయనకి అప్పుడే కనిపించింది. ఆ డబ్బీ మీద తిప్పే అంకెల్లో గదికి డెబ్బై వచ్చేచోట, మూడో అంకె దగ్గర గుర్తు పెట్టడానికి కుంకుమ ఇవ్వబోతే, చెరిగిపోతుందని నా ఎర్ర నెయిల్ పాలిష్ అడిగి తీసుకుని చుక్క పెట్టారు. ఆ సాయంత్రం దీపం వెలిగించి ముగ్గురం గంటసేపు కూర్చున్నాం. థర్మామీటరు కదల్లేదు.

మా అమ్మాయి వారం ముందే వచ్చింది. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన రోజు మంచు పడుతోంది. చూడ్డానికి వచ్చిన బాబాయిగారు ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోయారు. రండి అంటే రారు. "నా ఒంటి మీద చలి ఉందమ్మా, కాసేపాగుతాను" అని పక్క గదిలో రేడియేటరు దగ్గర చేతులు కాచుకుని, అప్పుడొచ్చి చేతి వెనక భాగం పిల్ల బుగ్గకి ఆనించారు. కళ్లు మూసుకుని ఒక క్షణం ఆగి, "సరిగ్గా డెబ్బై" అన్నారు.

అప్పుడు అడిగాను. "బాబాయిగారూ, ఆ రోజు నేనన్న మాటకి..."

"ఏ మాట?"

"అదేనండీ, చక్కెర ఫ్యాక్టరీ..."

"ఫ్యాక్టరీ హోరుకి నా చెవులు ఎప్పుడో పోయాయి తల్లీ. సగం మాటలు వినపడవు" అన్నారు. పక్క గదిలో టీ కప్పు పెట్టిన చప్పుడుకి మాత్రం చటుక్కున తల తిప్పారు.

జనవరిలో ఇండియా వెళ్లిపోయారు. తర్వాత మూడుసార్లు వచ్చారు. వచ్చిన మర్నాడు మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, మమ్మల్ని పలకరించకముందే ఒక్కో గదిలో రేడియేటర్‌ని చేతి వెనకతో తాకుతూ హాజరు వేసేవారు. మా అమ్మాయికి నడక వచ్చాక ఆయన వెనకే తిరిగేది. "అరచేత్తో కాదమ్మలూ, వేడైతే చురుక్కుమంటుంది. ఇదిగో, ఇలా వెనకతో. వెనకవైపుకే నిజం తెలుస్తుంది" అని దానికి నేర్పారు. దాని జ్వరం నేను చూసేదీ అలాగే. నాకు ఎవరు నేర్పారో వేరే చెప్పాలా? పిల్లలందరికీ ఆయన బాయిలర్ తాత. ఇండియా నుంచి ఫోన్ చేసినా ముందు పిల్ల ఎలా ఉందని కాదు, గది ఎలా ఉందని అడిగేవారు. గది బాగుంటే పిల్ల బాగున్నట్టే ఆయన లెక్క.

మొన్న శనివారం మా అమ్మాయికి ఎలా చెప్పాలా అని చాలాసేపు తటపటాయించాను. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. చెప్పాను. "నెక్స్ట్ సమ్మర్ రాడా తాత?" అంది. రారమ్మా అన్నాను. ఏడవలేదు. లేచి హాల్లోకి వెళ్లింది, మెట్ల కిందకి వెళ్లింది, బాత్రూమ్‌లోకి వెళ్లింది. ఏం చేస్తోందా అని వెనకే వెళ్లి చూస్తే, ఒక్కోదాన్నీ చేతి వెనకతో తాకి వస్తోంది. హాజరు వేస్తోంది. అప్పుడు నేను ఏడ్చాను, దాచుకోకుండా.

సాయంత్రం ఈశాన్యం గదిలో దీపం పెట్టాను. కార్తీకం కాకపోయినా కుందిలో నిండా నెయ్యి పోశాను, లావు వత్తులు వేశాను. అదే పీట, అదే చోటు, వాల్వు పక్కన జానెడు దూరం. ఉయ్యాల ఎప్పుడో అటకెక్కింది, ఆ చోట ఇప్పుడు దాని మంచం. బయట మంచు పడుతోంది. గంటసేపు కూర్చున్నాం. మా అమ్మాయి వంగి చేతి వెనక భాగం గొట్టానికి ఆనించి, ఆయనలాగే కళ్లు మూసుకుని ఆగింది.

"అమ్మా, వేడి ఉంది. చల్లగా కాలేదు" అంది.

డబ్బీ మీద ఎర్ర చుక్క సగం చెరిగింది. అరుగు కింద నుంచి గోడ వెంబడి, దాని తలగడ దగ్గర దాకా, ఆ సన్నటి రాగి గొట్టం దీపం వెలుగులో మెరుస్తూ ఉంది.